గుండె దడకు ఎవరి దగ్గరికి వెళ్లాలి? బెజవాడ, గుంటూరు వాళ్లకు ఒక పోలిక

మూడేళ్ల కిందట ఒక రాత్రి రెండు గంటలప్పుడు నాకు గుండెపోటు వచ్చేసిందనుకున్నాను. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, గొంతు ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుపోయింది, ఒళ్లంతా చెమట. సత్యనారాయణపురం నుంచి సూర్యారావుపేట ఆసుపత్రులు ఎంతో దూరం కాదు. ఆ రాత్రి మాత్రం ఆటోలో బందరు దాకా వెళ్తున్నట్టు అనిపించింది. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఆ తర్వాత ఐదు నెలల్లో టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, గ్యాసేమోనని ఎండోస్కోపీ, మెడ నరమేమోనని ఎక్స్‌రే. అన్నీ నార్మల్. రిపోర్టుల ఫైలు లావెక్కింది, నేను చిక్కిపోయాను. చివరికి ఒకరోజు మా డాక్టరుగారు సెలవులో ఉంటే, ఆయన కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన ఫైలు తెరవకుండానే "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు. అమ్మ పోయి అప్పటికి పది నెలలు. ఆ పది నెలల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అక్కడే కూర్చుని పావుగంట ఏడ్చాను.

మనసు బాగోకపోతే మనవాళ్లు ఎక్కడికీ వెళ్లరని అంటుంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. గుండె డాక్టరు, గ్యాస్ డాక్టరు, జాతకం చూసే ఆయన, మందుల షాపు కుర్రాడు, అందరి దగ్గరికీ వెళ్తారు. వెళ్లాల్సిన చోటు మాత్రం ఆ వరసలో ఆఖరున ఉంటుంది. అందుకే మన రెండు ఊళ్లలో దొరికే దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఫైలు మోసినదాన్ని.

మనసు బాగుండటమంటే

ఎప్పుడూ నవ్వుతూ ఉండటమని చాలామంది అనుకుంటారు. అలా అయితే మా వీధిలో ఆరోగ్యవంతులు ఇద్దరో ముగ్గురో తేలతారు. కోపం, దిగులు, భయం వస్తాయి, రావాలి కూడా. వచ్చినదాన్ని గుర్తుపట్టగలగడం, దాంతో పని ఆగిపోకుండా చూసుకోగలగడం, కొన్నాళ్లకు మామూలు స్థితికి రాగలగడం. ఇంతవరకు ఉంటే బాగున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే ఆరోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో శరీరంతో పాటు మనసునూ, నలుగురితో మన సంబంధాలనూ కలిపి చెప్పింది. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ జ్వరం వస్తే జబ్బు, దిగులు వస్తే "ఎక్కువ ఆలోచిస్తున్నావు".

ఒంటికీ మనసుకీ ఉన్న లంకె ఊహాగానం కాదు. టెన్షన్ పడగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర లేస్తాయి. పులి ఎదురైతే పారిపోవడానికి అది పనికొస్తుంది. ఇంటి లోను కిస్తీ కోసం నెలల తరబడి అదే స్థితిలో ఉంటే నిద్ర చెడుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది, కడుపు పాడవుతుంది. 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వచ్చింది. పొగ, బీపీ, షుగర్, కొవ్వులతో పాటు మానసిక ఒత్తిడిని కూడా గుండెపోటు ముప్పు పెంచే ప్రధాన కారణాల్లో చేర్చింది. షుగర్, డిప్రెషన్ అయితే ఒకదాన్నొకటి పెంచి పోషించుకుంటాయి. దిగులుగా ఉన్న మనిషి మాత్ర వేసుకోడు, నడవడు, అన్నం బదులు బిస్కట్లు తింటాడు. ఇది చూడటానికి అధ్యయనాలు కూడా అక్కర్లేదు, మా పెదనాన్నగారిని చూశాను.

వెళ్లేముందు మూడు లెక్కలు

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది తేల్చుకోవడానికి నేనిప్పుడు మూడు సంగతులు చూస్తాను. ఎన్నాళ్లుగా? రెండు వారాలు దాటి, దాదాపు ప్రతిరోజూ ఉంటే దాన్ని మూడ్ అనుకుని ఊరుకోకూడదు. ఏం ఆగిపోయింది? నిద్ర, తిండి, ఉద్యోగం, స్నానం, మనుషులతో మాట: వీటిలో రెండు మూడు దెబ్బతింటే సంగతి పెద్దదని అర్థం. మూడోది, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా?

మూడోదానికి అవునన్నది జవాబైతే ఈ పోలికంతా పక్కన పెట్టండి. వెంటనే ప్రభుత్వ మానసిక సహాయ లైను 14416కు ఫోన్ చెయ్యండి. ప్రమాదం దగ్గర్లోనే ఉందనిపిస్తే 108 పిలవండి, లేదా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందులు, పురుగుమందులు ఉంటే తాళం వెయ్యండి. "నీకు చచ్చిపోవాలని ఉందా" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. అలా పుట్టదు. అడిగినందుకు చాలామందికి ఊపిరి ఆడుతుంది. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి. శిక్ష కోసం వెంటపడకుండా, వాళ్లకు వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని ఆ చట్టం చెబుతోంది.

ఇంట్లోవాళ్లా, బయటివాళ్లా

చిన్నపాటి దిగులుకు మొదటి మందు మనుషులే. అయితే ఎవరితో మాట్లాడాలన్నదీ ఎంపికే. మా అత్తగారు మనసున్న మనిషి. కానీ ఏం చెప్పినా "నా రోజుల్లో అయితే" అని మొదలుపెడతారు. మా ఆయన విన్న మరుక్షణమే ఏం చెయ్యాలో చెప్పేస్తారు. నాకు పనికొచ్చింది బ్యాంకులో నా పక్క కౌంటర్లో పనిచేసే స్నేహితురాలు. ఆమె చేసేదల్లా టీ తెప్పించి ఊ కొట్టడమే. సలహా చెప్పనివాళ్లు దొరికితే వదులుకోకండి, అరుదు.

ఇంట్లో చెప్పుకోలేని విషయం అయితే, ముఖ్యంగా మొగుడూ పెళ్లాల గొడవలు, అప్పులు, ప్రేమ వ్యవహారాలు, ఫోన్ లైనే మేలు. టెలీ మానస్ అనే ఆ 14416 సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పైన ఉన్న నిపుణులకు కలుపుతారు. అర్ధరాత్రికి ఇంతకన్నా మంచిది లేదు. దాని బలహీనత కూడా చెప్పాలి: ఈరోజు మాట్లాడినవాళ్లే రేపూ దొరుకుతారని లేదు. కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావచ్చు. నెలల తరబడి సాగే సమస్యకు అదొక్కటే సరిపోదు, దారి చూపించడానికి సరిపోతుంది.

నడక, దుర్గమ్మ, పది రోజుల మౌనం

నడక గురించి నాకు మొదట్లో చిరాకు ఉండేది. బాగోలేదని చెబితే చాలు "వాకింగ్ చెయ్యి" అంటారు. తర్వాత ఒప్పుకున్నాను. ఓ మోస్తరు డిప్రెషన్‌కు వ్యాయామం నిజంగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బెజవాడ పార్కుల్లోనో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలోనో పొద్దున్నే నడిచేవాళ్లను చూడండి, సగంమంది కాళ్లకన్నా నోటికే ఎక్కువ పని చెబుతారు. ఆ కబుర్లూ వైద్యమే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం ఐదింటికే ముగించుకోవాలి, లేకపోతే ఉన్న నీరసానికి వడదెబ్బ తోడవుతుంది. కానీ మంచం మీంచి లేవలేని మనిషికి నడవమని చెప్పడం, కాలు విరిగినవాడికి పరుగు పందెం గురించి చెప్పడమే. ముందు లేచే స్థితికి తేవాలి.

ఇంద్రకీలాద్రి మెట్లెక్కినా, గుణదల మేరీమాత కొండెక్కినా, దర్గాలో కూర్చున్నా మనసు తేలికపడేవాళ్లు ఉన్నారు. నేనూ శుక్రవారం గుడికి వెళ్తాను. దుర్గమ్మకు మొక్కుకోవడానికీ మాత్ర వేసుకోవడానికీ పోటీ లేదు. "మందులు ఆపెయ్, నేను చూసుకుంటా" అన్న మనిషి దగ్గర మాత్రం చెప్పులు వేసుకుని బయటికొచ్చెయ్యండి. గాలి సోకిందని కొట్టడం, కట్టెయ్యడం జరిగే చోటైతే మనిషిని తీసుకుని వచ్చెయ్యండి. గొలుసులతో కట్టడాన్ని పైన చెప్పిన మానసిక ఆరోగ్య చట్టమే నిషేధించింది.

పది రోజులు మౌనంగా ధ్యానం చేయించే విపశ్యన శిబిరాల గురించి కూడా అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉండి, టెన్షన్ తగ్గించుకోవాలనుకునేవాళ్లకు మంచిదే. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు తగదని ఆ కేంద్రాలవాళ్లే చెబుతారు. దరఖాస్తులో ఆ ప్రశ్న ఉంటే నిజం రాయండి. ఇక మోటివేషన్ క్లాసులు: హాల్లో చప్పట్లు కొట్టి వచ్చిన రాత్రి బాగుంటుంది, సోమవారం పొద్దున మళ్లీ అదే ఆఫీసు.

ఫిజీషియన్, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు

ఇక్కడ అందరూ తికమక పడతారు. మన ఊళ్లో "నరాల డాక్టరు" అనే మాట వల్ల ఇంకా పెరిగింది. నరాల డాక్టరంటే న్యూరాలజిస్టు: ఫిట్స్, పక్షవాతం, వణుకుడు జబ్బు చూస్తారు. మనసుకు సంబంధించినది సైకియాట్రిస్టు. ఆయన ఎంబీబీఎస్ చదివాక ఆ విభాగంలో పీజీ చేసినవారు, మందులు రాయగలరు. సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉంటుంది. అడిగితే నొచ్చుకోనక్కర్లేదు, నొచ్చుకుంటే అనుమానించండి. కౌన్సెలర్ అనే మాటను మాత్రం చాలా వదులుగా వాడుతున్నారు. రెండేళ్లు చదివినవాళ్లూ అదే బోర్డు పెడతారు, రెండు వారాంతాలు ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ అదే పెడతారు.

ఫిజీషియన్ దగ్గరికి ముందు వెళ్లడం తప్పేమీ కాదు. నిజానికి ఛాతీ నొప్పి మొదటిసారి వస్తే గుండె పరీక్షే ముందు, అందులో నేను చేసింది సరైనదే. థైరాయిడ్ తక్కువైతే డిప్రెషన్‌లాగే ఉంటుంది, ఎక్కువైతే దడ, చెమటలు. రక్తహీనత, బీ12 లోపం కూడా మనిషిని కుంగదీస్తాయి. ఒకసారి ఈ పరీక్షలు చేయించుకుని, బాగున్నాయంటే అక్కడితో ఆగాలి. నా తప్పు నాలుగోసారి కూడా గుండె చుట్టూనే తిరగడం.

సైకాలజిస్టు, సైకియాట్రిస్టులలో ఎవరు? పని సాగుతోంది, నిద్ర కొంత ఉంది, ఫలానా విషయం దగ్గరే మనసు చిక్కుకుపోయింది అంటే సైకాలజిస్టుతో మొదలుపెట్టొచ్చు. నాలాగా చావు దుఃఖం, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే దడ, భయం), అతి భయం, పెళ్లిలో తగాదాలు అక్కడ బాగా తేలతాయి. ఆలోచనల తీరునూ అలవాట్లనూ గమనించి మార్చుకునే సీబీటీ అనే పద్ధతి అయితే మామూలుగా వారానికోసారి, మూడు నాలుగు నెలలు పడుతుంది. సిట్టింగుకు ముప్పావుగంట. నేను మొదటి రెండు సిట్టింగులకు వెళ్లొచ్చి "డబ్బులు దండగ, మాట్లాడుకోవడానికి ఇంతా?" అనుకున్నాను. నాలుగోసారి ఒక కాగితం ఇచ్చి, దడ వచ్చినప్పుడల్లా ఏ టైము, అంతకుముందు ఏం జరిగింది, ఏమనుకున్నాను అని రాయమన్నారు. మూడు వారాల కాగితాలు చూస్తే అన్నీ సాయంత్రం ఆరున్నరకు అటూ ఇటూ. అమ్మ రోజూ ఫోన్ చేసే టైము అది.

నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, లేని మాటలు వినిపిస్తున్నా, ఎవరో కుట్ర చేస్తున్నారని నమ్ముతున్నా, ఉన్నట్టుండి విపరీతమైన హుషారుతో డబ్బు తగలేస్తున్నా, కాన్పయిన తల్లి బిడ్డను పట్టించుకోకుండా ఉన్నా సైకియాట్రిస్టే, ఆలస్యం లేకుండా. ఇలాంటప్పుడు ముందు కౌన్సెలింగ్ ప్రయత్నిద్దామని వారాలు పోగొట్టకూడదు. చాలామందికి చివరికి రెండూ కావాలి: మందు కాస్త నిలబెడితే మాటలు ఎక్కుతాయి.

మందుల మీద ఉన్న భయాల్లో సగం, వేరే మందులను చూసి పుట్టినవి. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇప్పుడు ఎక్కువగా రాసే మాత్రలు అలవాటుగా మారే రకం కాదు. అవి పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారం వికారం, కంగారు ఉండొచ్చు. అందుకే చాలామంది ఐదో రోజే "పడలేదు" అని ఆపేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలవాటుగా మారేది నిద్రకు, కంగారుకు ఇచ్చే అల్ప్రాజోలాం వంటి మాత్రల రకం. అరగంటలో హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదం. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవాళ్ల పేరు షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. అది నియమం. జరిగేది మీకూ తెలుసు.

గుంటూరులో మా తమ్ముడిది మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కోల్డ్ స్టోరేజీలో సరుకు, బయట రేటు పతనం, నెత్తిన అప్పు. ఒక సీజన్లో నిద్ర పట్టక తెలిసిన షాపులో ఆ మాత్ర అడిగి తెచ్చుకున్నాడు. మూడు నెలల తర్వాత ఒకటి సరిపోలేదు, రెండయ్యాయి. పైన రాత్రికో పెగ్గు. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది, కానీ తెల్లవారుజామున మూడింటికి లేపేస్తుంది. మాత్ర, మందు కలిస్తే ఊపిరే మందగించే ప్రమాదం ఉంది. వాడికి ఇదంతా తెలియదు. తెలిశాక ఒక్కసారిగా మానేద్దామనుకున్నాడు. అది ఇంకా ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. మందుల షాపును సలహాదారుగా పెట్టుకోవడం ఈ పోలికలో అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా ఖరీదు.

సర్కారా, ప్రైవేటా, పక్క ఊరా

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఎక్కువకాలం మందులు వాడాల్సినవాళ్లకు, ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినవాళ్లకు, వైకల్య ధ్రువపత్రం కావాల్సినవాళ్లకు సర్కారీ ఆసుపత్రే నయం. ఓపీ రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, పోయినసారి చూసిన డాక్టరే ఈసారీ ఉంటారన్న హామీ లేదు. ప్రైవేటులో ఒకే డాక్టరు, సాయంత్రం టైము, కొంచెం మాట్లాడే వీలు. అయితే అక్కడా పెద్ద పేరున్నవాళ్ల దగ్గర మూడు గంటలు కూర్చుని నాలుగు నిమిషాలు చూపించుకుని వచ్చిన రోజులు నాకున్నాయి. నా సలహా, పేరుకన్నా ఖాళీ ముఖ్యం. మొదటిసారి మీతో పది పదిహేను నిమిషాలైనా మాట్లాడనివాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు.

ఇంకో సంగతి ఎవరూ రాయరు. బెజవాడవాళ్లు గుంటూరు వెళ్లి చూపించుకుంటారు, గుంటూరువాళ్లు బెజవాడ వస్తారు. తెలిసినవాళ్లు కనపడరని. నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కితే గంట, గంటంపావు. సిగ్గుపడాల్సింది ఏముందని నేను వాదించగలను. కానీ ఆ గంట ప్రయాణం వల్ల మనిషి డాక్టరు దాకా చేరితే అదే మంచిదని ఇప్పుడనుకుంటున్నాను. కాకపోతే నెలనెలా వెళ్లాల్సి వచ్చేసరికి మూడో నెల మానేస్తారు. మొదటిసారి దూరం వెళ్లండి, తర్వాతి సంప్రదింపులు వీడియోలో కుదురుతాయేమో అడగండి. ఇన్సూరెన్సు ఉంటే చూడండి, శరీర జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ కవరేజీ ఇవ్వాలని చట్టంలో ఉంది. చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, ఓపీ ఫీజులు మన జేబులోంచే.

హాస్టలు పిల్లల సంగతి

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఒక హాస్టలు కాలేజీలో చదివింది. పేరెందుకు, మన చుట్టుపక్కల ఎన్ని లేవు. ఆదివారం చూడటానికి వెళ్తే సాయంత్రం నాలుగయ్యేసరికి కడుపునొప్పి మొదలయ్యేది. నాటకమనుకున్నాం. కాలేజీ కౌన్సెలర్ "అడ్జస్ట్ అవుతుందండీ, ర్యాంకు బాగుంది" అన్నారు. ఆయన జీతం కాలేజీ ఇస్తుంది. పిల్లల విషయంలో బయటి సైకాలజిస్టుకు ఒక్కసారైనా చూపించమని నేను గట్టిగా చెప్పేది అందుకే. పిల్లలు దిగులుగా ఉన్నామని చెప్పరు. కడుపునొప్పి, తలనొప్పి, చిరాకు, మార్కులు పడిపోవడం, ఇష్టమైనవి మానెయ్యడం రూపంలో కనిపిస్తుంది.

బయటి ఆవిడ దాన్ని రెండుసార్లు చూసి మాతో అన్నది ఒకటే మాట: "అమ్మాయికి వైద్యం అక్కర్లేదు, ఆరు గంటల నిద్ర, మీ ఇల్లు కావాలి." రెండో ఏడు డే స్కాలర్‌గా మార్చాం. ర్యాంకు కొంచెం తగ్గింది. కడుపునొప్పి పోయింది. డాక్టర్లను పోల్చుకునే ముందు, మార్చాల్సింది మనిషినా ఉన్న చోటునా అని ఒకసారి చూసుకోవాలి. అందరికీ ఆ వీలుండదు, తెలుసు. మాకు కుదిరింది.

వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి: ఎప్పటినుంచి, నిద్ర ఎన్ని గంటలు, వాడుతున్న మందులన్నీ, బీపీ షుగర్ మాత్రలతో సహా. తాగే అలవాటుంటే అదీ రాయండి, డాక్టరు మీ మామగారు కాదు. మీరు చెప్పినవి బయటికి చెప్పకూడదన్న బాధ్యత వాళ్లకుంది. పాత చీటీలు దాచొద్దు. మా తమ్ముడు చివరికి బెజవాడ వచ్చి చూపించుకున్నప్పుడు షాపులో కొన్న మాత్ర సంగతి చెప్పలేదు, పరువు. ఆ డాక్టరు అదే మందును తక్కువ మోతాదులో, వేరే కంపెనీ పేరుతో, పది రోజులకని రాసిచ్చారు. వాడు పాతదీ కొత్తదీ రెండూ వేసుకుని శనివారం రాత్రి పడుకుని సోమవారం పొద్దున లేచాడు. లేచాక మా మరదలు రెండు అట్టలూ పట్టుకుని, వాణ్ని వెంటబెట్టుకుని, మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు వారానికి పావు మాత్ర చొప్పున తగ్గిస్తున్నారు. అట్ట ఆమె దగ్గరే ఉంటుంది.